మందుల డబ్బా గురించి నాలుగు మాటలు

చి. అమ్మడికి,

నువ్వు పంపిన బొమ్మలన్నీ చూశాను. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ల కోసం మందుల డబ్బా చేయాలనుకోవడం మంచి పని. డబ్బా చూడ్డానికీ బాగుంది. కానీ దాన్ని వాడాలంటే ముందు నేర్చుకోవాలి. చిక్కంతా అక్కడే ఉంది.

"అలారం మోగగానే నీలం బటన్ నొక్కాలి, తర్వాత మూత తెరవాలి" అని రాశావు. నీకది రెండు ముక్కల్లో తేలిపోయే పని. అల్జీమర్స్ అనే ఈ మతిమరుపు జబ్బులో ముందుగా దెబ్బతినేదే కొత్త సంగతులు గుర్తుంచుకునే శక్తి. రెండో ముక్క వినేలోపే మొదటిది జారిపోతుంది. అదే ఏళ్ల తరబడి చేతికి అలవాటైన పనులు, మూత తీయడం, తాళం తిప్పడం లాంటివి, చాలాకాలం నిలుస్తాయి. కొత్తది నేర్పే ఆలోచన మానుకుని, ఆ చేతులకు ఇప్పటికే ఏం తెలుసో కనుక్కో.

నీ డబ్బా ఓ పెద్దావిడ ఇంట్లో ఉందనుకుందాం. అలారం మోగింది. ఆ బీప్ ఎక్కణ్నుంచి వస్తోందో ఆవిడకు అర్థం కాదు. ఫోన్ ఎత్తి చూస్తుంది, వెళ్లి తలుపు తీస్తుంది. మోత ఆగకపోయేసరికి టెన్షన్ మొదలవుతుంది. చివరికి డబ్బా కనబడితే మెరుస్తున్న బటన్ నొక్కుతుంది. మోత ఆగింది, హమ్మయ్య అని వెళ్లి కూర్చుంటుంది. మాత్ర అరలోనే ఉంది. నీ డబ్బా మాత్రం "మందు వేసుకున్నారు" అని కూతురి ఫోన్‌కి మెసేజ్ పంపేసింది. ఇందులో ఆవిడ తప్పేముంది?

ఆ బటన్ తీసెయ్. మూత తెరిస్తేనే మోత ఆగాలి. ఆ పూట అర ఒక్కటే వెలగాలి, మిగతావి తెరుచుకోకూడదు. బీప్ బదులు "మందు వేసుకునే టైమైంది" అని డబ్బాయే చెప్పాలి. కూతురి గొంతు పెడితే బాగుంటుందని నీకు తోచవచ్చు. అది విని కూతురు వచ్చిందేమోనని ఇల్లంతా వెతికేవాళ్లూ ఉంటారు, వాడేవాళ్ల దగ్గర చూశాకే పెట్టు. మెసేజ్‌లో కూడా "మూత తెరిచారు" అనే ఉండాలి. మింగారో లేదో డబ్బాకేం తెలుసు?

అరల లోపల తెలుపు వేశావు. మాత్రలు చాలావరకు తెల్లవే కదా! 2004లో బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు, అల్జీమర్స్ బాగా ముదిరినవాళ్లకు తెల్ల పళ్లేల బదులు ముదురు ఎరుపు పళ్లేల్లో వడ్డిస్తే, వాళ్లు తినేది సుమారు 25 శాతం పెరిగిందని చూపించారు. కంటికి విడిగా కనబడనిది వాళ్ల వరకు లేనట్టే. అర అడుగున ముదురు రంగు వెయ్యి.

ఇదే డబ్బా అందరికీ పనికొస్తుందని రాశావు, అది నేను ఒప్పుకోను. డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే నేర్చుకోవడం నెమ్మదిగా ఉండే స్థితి, ఉన్న కుర్రాడికి ఓపిగ్గా పదేపదే చూపిస్తే నేర్చుకోగలడు, ఆ తర్వాత ఎవరైనా సాయం చేయబోతే విసుక్కుంటాడు కూడా. స్ట్రోక్ వచ్చి మాట పోయినవాళ్లకు తెలివి ఉంటుంది, పదాలే అందవు. వాళ్లకు అక్షరాల పక్కన బొమ్మ కావాలి. ఎవరి కోసం చేస్తున్నావో ముందు తేల్చుకో.

1997లో నార్త్ కరొలైనా స్టేట్ యూనివర్సిటీలో రోనల్డ్ మేస్ బృందం అందరూ వాడగలిగే డిజైన్ కోసం 7 సూత్రాలు రాసింది. నన్నడిగితే ముందు చదవాల్సింది ఐదోది: పొరపాటు జరిగినా ప్రమాదం జరగకూడదు. మరిచిపోతే తనంతట తానే ఆగిపోయే పొయ్యి అలాంటిదే. నీ డబ్బాలో, వేళ దాటిన మాత్ర అర మూసుకుపోయి ఇంట్లోవాళ్లకు కబురు వెళ్లాలి. లేకపోతే రెండు పూటల మందూ ఒకేసారి వేసేసుకుంటారు.

డబ్బాకి తోడుగా నువ్వు చేస్తున్న ఫోన్ యాప్ గురించి ఒక్క మాట. అప్‌డేట్ పేరుతో బటన్ల చోటు మార్చొద్దు. నీకది కొత్తదనం, వాళ్లకు వచ్చిన పని కాస్తా రాకుండా పోవడం. ఆ కార్టూన్ స్టిక్కర్లు కూడా తీసెయ్. జబ్బు చేసినంత మాత్రాన పెద్దవాళ్లు చిన్నపిల్లలైపోరు.

పరీక్షించేటప్పుడు "బాగుందా?" అని అడగకు. నీ మొహం చూసి బాగుందమ్మా అనేస్తారు. చేతికిచ్చి ఊరుకో, వేళ్లు ముందు ఎటు వెళ్తున్నాయో గమనించు. పక్కనున్న కొడుకు చెప్పబోతే ఆపు. పొద్దున ఒకసారి, అలిసిపోయాక సాయంత్రం ఒకసారి, వారం తర్వాత మళ్లీ చూడు. ప్రతిసారీ వాళ్ల ఇష్టం అడిగే మొదలుపెట్టు. విసుగు కనబడితే అక్కడితో ఆపెయ్, ఇంట్లోవాళ్లు ఫర్వాలేదన్నా సరే.

ముందు బటన్ లేని నమూనా ఒకటి అట్టముక్కతో చేసి పంపు. కరెంటూ లైట్లూ తర్వాత చూసుకోవచ్చు. మూత మాత్రం అసలు డబ్బాకి పెట్టబోయేదే పెట్టు. కీళ్లనొప్పులున్న నా వేళ్లకు అది ఎంత సులువుగా వస్తుందో చూడాలి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న