ఒక్కొక్కరికి ఒక్కో పేజీ

అమ్మలూ,

ద్వారకానగర్ కోచింగ్ సెంటర్‌లో నర్సింగ్ పిల్లలకి జర్మన్ చెబుతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. "ఎవరికి ఎంత వస్తోందో ఎలా తెలుస్తుంది పెద్దమ్మా?" అని మొన్న ఫోన్‌లో అడిగావు కదా, తీరిగ్గా రాస్తున్నాను.

మొదటి వారంలోనే ఒక్కొక్కరి గొంతూ రికార్డు చేసుకో. ఇల్లు, ఊరు, రోజూ చేసే పనులు, వచ్చినంత చెప్పమను. రెండు నిమిషాలు చాలు. మూడు వారాలకోసారి మళ్లీ అవే ప్రశ్నలడుగు. ప్రశ్న మారితే పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. పాతదీ కొత్తదీ ఆ పిల్లకే వినిపించు. గాజువాక నుంచి బస్సులో నిలబడి వచ్చే పిల్లకి, తన గొంతులోనే ఆ తేడా వినబడాలి.

వినేటప్పుడు తప్పులొక్కటే లెక్కపెట్టకు. నేనలా చేసి ఒక పిల్లని బాధపెట్టాను. మొదట్లో మూడు మాటల వాక్యాలు తప్పులేకుండా చెప్పేది. రెండు నెలలకి తప్పులు ఎక్కువయ్యాయి. చదవడం లేదని కోప్పడ్డాను. నిజానికి తను 'వైల్' (అంటే 'ఎందుకంటే') పెట్టి కారణాలు చెప్పడం మొదలుపెట్టింది. మామూలు వాక్యంలో రెండో చోట ఉండే క్రియ, 'వైల్' వస్తే మన తెలుగులోలాగా చివరికి పోతుంది. ఆ రెండూ కలిపే ప్రయత్నంలో తడబడుతోంది. అది ఎదుగుదల! నా కోపానికి వారం రోజులు నోరు విప్పలేదు. ఇప్పటికీ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

అప్పటినుంచి ఒక్కొక్కరికి ఒక్కో పేజీ పెట్టాను. కొత్తగా ఏం చెప్పగలుగుతోంది, ఎక్కడ ఆగిపోతోంది, ఏ తప్పు వదలడం లేదు, ఇవే రాసేదాన్ని. నామవాచకం ముందు లింగాన్ని బట్టి పెట్టే డెర్, డీ, డాస్ తికమక అందరికీ ఉంటుంది, దానికి టెన్షన్ పడకు.

వారం వారం టెస్టులు పెట్టు, కానీ చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం మార్కులు విడివిడిగా వెయ్యి. గోథే ఇన్‌స్టిట్యూట్ పెట్టే జర్మన్ మొదటి మెట్టు ఏ1 పరీక్షలో మొత్తం 100కి 60 వస్తే పాస్, మాట్లాడడంలో తగ్గినా చదవడంలో పూడ్చుకోవచ్చు. రెండు మెట్లు పైనున్న బీ1లో అలా కుదరదు, నాలుగింట్లోనూ వేరువేరుగా నూటికి 60 రావాలి. ఏ1లో కలిపి చూసుకుంటే ఆ లోటు బీ1 దాకా బయటపడదు.

ఆదివారం ఎంవీపీ కాలనీకి రా. నా పాత నోట్‌బుక్కులు తీసి ఉంచుతాను, పేజీలు ఎలా గీసుకున్నానో చూద్దువుగాని.

మీ పెద్దమ్మ