కాకినాడలో పడవెక్కి నర్సాపురంలో దిగొచ్చా?

ప్రశ్న: మావారు ఈ మధ్యే రైల్వేలో రిటైరయ్యారు. అలెప్పీ హౌస్‌బోటు ఎక్కి వచ్చినప్పటి నుంచి ఒకటే గోల, మనమూ కాకినాడలో పడవెక్కి చిన్న చిన్న రేవుల్లో దిగుతూ మూడు రోజుల్లో నర్సాపురం చేరొచ్చు కదా అని. వాళ్ల తాతగారు కాకినాడ నుంచి బందరు దాకా పడవలోనే వెళ్లేవారట. ఇప్పుడు కుదురుతుందా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: తాతగారి మాట నిజమే అయ్యుంటుందండి. కాకపోతే ఆయన వెళ్లింది సముద్రం మీద కాదు, కాలువల మీద. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలువలు పొలాలకి నీళ్లివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. కాకినాడ కాలువలో ధవళేశ్వరం, గోదావరి దాటి విజ్జేశ్వరం, అక్కణ్ణుంచి ఏలూరు కాలువలో బెజవాడ, మళ్లీ బందరు కాలువ. గట్టు మీద మనుషులు తాడు భుజానేసుకుని పడవ లాగేవాళ్లు, లాకుల దగ్గర నీళ్లు సమానమయ్యేదాకా ఆగేవాళ్లు. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ దారిని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు గానీ, మీరనుకునే కాలువల్లో ఇప్పుడు పడవ కన్నా గుర్రపుడెక్కే ఎక్కువ కనిపిస్తుంది.

ఇక సముద్రం మీద నుంచి పోదామంటే చేపల బోట్లు తప్ప వేరే దిక్కు లేదు, అవి మనల్ని ఎక్కించుకునేవి కావు, ఎక్కించుకుంటామన్నా ఎక్కకండి. కాబట్టి మావారి ముచ్చట తీరాలంటే ఒకటే దారి: రోడ్డు మీద వెళ్తూ, నీళ్లు బాగున్న చోటల్లా పడవెక్కడం. నేనైతే మొదటి రోజంతా కోరంగికే ఇస్తాను. కాకినాడ నుంచి యానాం రోడ్డులోనే ఉంటుంది. మడ అడవుల మధ్య చెక్క బాట ఉంది, పక్కనే పాయలో బోటు తిప్పుతారు. ఇక్కడ గడియారం చూసి వెళ్తే లాభం లేదు, పోటు (సముద్రపు నీళ్లు పైకెక్కడం) ఎప్పుడు, పాటు (నీళ్లు దిగిపోవడం) ఎప్పుడు అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఉదయం ఎనిమిదికి నిండు పోటు ఉంటే మర్నాడు తొమ్మిది దగ్గర పడుతుంది, రోజుకి ముప్పావు గంట పైనే వెనక్కి జరుగుతూ ఉంటుంది. పోటులో బోటు హాయిగా పోతుంది. పాటులో బోటుకి నీళ్లు చాలవు గానీ, బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన మడ వేళ్లు, వాటి మధ్య పీతలు, గెంతుతూ పోయే బొటనవేలంత చేపలు అప్పుడే కనిపిస్తాయి. వీలుంటే రెండూ చూడండి.

ఈ పోటూ పాటూ గొడవ నాకెలా తెలిసిందంటే, ఒకసారి అక్కడే ఒక పాయలో, బేరమాడి మరీ మాట్లాడుకున్న పడవ బురదలో కూర్చుండిపోయింది. సరంగు గడ వేసి రెండుసార్లు తోశాడు, గడ మూరెడు లోతుకి దిగింది తప్ప పడవ కదల్లేదు. నేను కంగారు పడుతుంటే అతను తీరిగ్గా టిఫిన్ డబ్బా మూత తీసి, “టెన్షన్ పడకండి బాబూ, పోటొస్తే అదే లేపుద్ది” అన్నాడు. రెండు గంటలు పట్టింది. అతని డబ్బాలోని చేపల పులుసు నాక్కూడా పెట్టాడు, అది వేరే సంగతి.

ఆ సాయంత్రానికి యానాం చేరండి. గౌతమి ఒడ్డున ఉన్న ఈ ఊరు 1954 దాకా ఫ్రెంచివాళ్లది, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. రాత్రికి ఉండటానికి ఇబ్బంది లేదు. మర్నాడు వంతెన దాటి కోనసీమ మీదుగా అంతర్వేది వెళ్లి, నరసింహస్వామి దర్శనం, గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు అయ్యాక సఖినేటిపల్లి రేవుకి రండి. అక్కడ పంటు, అంటే మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కితే అవతల ఒడ్డు నర్సాపురం. బైకులు, కూరగాయల బుట్టలు, ఆఫీసుకి వెళ్లేవాళ్లు అందరూ ఒకే పంటు మీద. దాటడానికి ఎంతోసేపు పట్టదు గానీ, మావారితో “పడవలోనే నర్సాపురం వచ్చాం” అనిపించడానికి అది చాలు.

(పైన రెండుసార్లు మీవారిని మావారు అని రాసేశాను. మీ ఉత్తరం ప్రభావం, ఏమీ అనుకోకండి.)

ప్రశ్న: బర్మాలో మన తెలుగువాళ్లని కోరంగీలు అనేవారని విన్నాను. ఈ కోరంగేనా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఈ కోరంగే. ఓడలు కట్టే పెద్ద రేవు అది, ఈ తీరం నుంచి కూలికి రంగూన్ వెళ్లినవాళ్లకి ఆ పేరే అంటుకుంది, పిలిచేవాళ్ల నోట్లో అది గౌరవంగా ఉండేది కాదు. 1839 నవంబరు తుపాను, ఉప్పెన ఊరిని తుడిచిపెట్టేశాయి. రేవు పూడిపోతూ రావడంతో వ్యాపారం కాకినాడకి మళ్లింది. ఇప్పుడు చూస్తే ఓడరేవు ఆనవాలేమీ కనిపించదు. పక్కనే తాళ్లరేవులో చెక్క పడవలు కట్టే పని కనిపిస్తే మాత్రం కాసేపు ఆగండి.

ప్రశ్న: పులస దొరికే రోజుల్లోనే ఈ పడవ టూరు పెట్టుకుంటే రెండూ కలిసొస్తాయి కదా? పిల్లలు కూడా ఉంటారు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కలిసిరావు. పులస గోదావరిలోకి ఎదురెక్కేది జులై నుంచి సెప్టెంబరు మధ్య, ఎర్రనీళ్లు వచ్చినప్పుడు. సరిగ్గా అప్పుడే వరద ఉద్ధృతిని బట్టి పంట్లు, బోట్లు ఆపేస్తారు. 2019లో కచ్చులూరు దగ్గర బోటు మునిగింది కూడా సెప్టెంబరు వరదలోనే. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. పిల్లలతో అయితే డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపల రండి, లైఫ్ జాకెట్ వేసి బకిల్ పెట్టాకే బోటు కదలనివ్వండి. పులస కోసం ఆగస్టులో విడిగా ఇంకోసారి యానాం రండి. పర్సు మాత్రం నిండుగా తెచ్చుకోండి.