బెజవాడ నుంచి ఒక్కరోజులో బందరు (మచిలీపట్నం) చరిత్ర చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

బీచ్‌తో కాదు, పెడనతో మొదలుపెట్టండి. విజయవాడ నుంచి గుడివాడ మీదుగా వెళ్లే రైలుకు మచిలీపట్నం కంటే ముందే పెడన వస్తుంది. చెక్క అచ్చులతో కలంకారీ అద్దకం ఇప్పటికీ అక్కడ నడుస్తోంది. గోల్కొండ సుల్తానుల కాలంలో ఈ తీరపు అద్దకం బట్టలు పర్షియా దాకా వెళ్లేవి. వాటి కోసమే 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు బందరులో దిగారు. మధ్యలో ఫ్రెంచివాళ్ల చేతికి పోయిన ఊరిని 1759లో ఇంగ్లీషువాళ్లు లాక్కున్నారు.

మరి అంత రేవు ఎందుకు చతికిలబడింది? తీరం దగ్గర లోతు తక్కువ. పెద్ద ఓడలు దూరంగా ఆగితే సరుకు పడవల్లో చేరవేయాలి. పైగా 1864 ఉప్పెన ముప్పై వేల మందిని పొట్టనబెట్టుకుంది. ఊరు ఆ దెబ్బ నుంచి సరిగా తేరుకోలేదు.

ఊళ్లో డచ్చి సమాధులు, బందరు కోట చూడండి. కోటలో మిగిలింది తక్కువే, ఆశలు పెట్టుకోకండి. చిలకలపూడిలో పాండురంగడి గుడి ఉంది, రోల్డ్ గోల్డ్ నగలకూ ఆ పేటే ప్రసిద్ధి. ఆంధ్రా బ్యాంకు కూడా 1923లో ఈ ఊళ్లోనే పుట్టింది. మంగినపూడి బీచ్‌కి సాయంత్రం వెళ్తే చాలు. బందరు లడ్డు మాత్రం ముందే కొనుక్కోండి.