అండర్‌గ్రౌండ్ కామిక్స్‌లో బూతులు తప్ప ఏముంది అని అడిగినవారికి

"అండర్‌గ్రౌండ్ కామిక్స్, ఇంటర్నెట్లో వచ్చే కామెడీ వెబ్‌కామిక్స్ పెద్దవాళ్లు చదవదగ్గవేనా? బూతులూ పిచ్చిగీతలూ తప్ప వాటిలో ఏముంది?" అని అడిగారు. వాటిలో నాకు మా నాన్న దొరికాడు.

బూతుల సంగతి ముందే ఒప్పుకుంటాను. పెద్ద కంపెనీలతో పనిలేకుండా, గీసినవాళ్లు సొంతంగా అచ్చేసుకున్న కామిక్స్ కదా అవి. 1968లో శాన్‌ఫ్రాన్సిస్కోలో తన ‘జాప్ కామిక్స్’ని చంటిపిల్లల బండిలో పెట్టుకుని వీధిలో అమ్మిన కార్టూనిస్టు రాబర్ట్ క్రంబ్ అంటే నాకు గౌరవమే. అయినా ఆయన ఆడవాళ్లని గీసిన తీరు నచ్చక చాలా పేజీలు తిప్పేశాను. కానీ ఆ గుంపులోనే హార్వీ పీకార్ ఉన్నాడు.

ఎమ్మెస్ చదువుకి క్లీవ్‌లాండ్ వెళ్లిన మొదటి చలికాలం. పార్ట్‌టైమ్ ఉద్యోగం లేదు, ఫీజు టెన్షన్. గదిలో చలి భరించలేక లీ రోడ్ లైబ్రరీలో కూర్చునేవాడిని. అక్కడ ఒక బల్ల మీద, కామిక్ పేజీలోంచి బయటికి అడుగేస్తున్న మనిషి విగ్రహం ఉంటుంది. ఎవరీయన అని వెతికాను. హార్వీ పీకార్. అదే ఊళ్లో మాజీ సైనికుల ఆసుపత్రిలో ఫైళ్లు సర్దిన గుమాస్తా! 1976 నుంచి సొంత డబ్బుతో ‘అమెరికన్ స్ప్లెండర్’ అనే కామిక్ అచ్చు వేసుకున్నాడు. బొమ్మలు వేయడం రాదు. పుల్లల్లాంటి గీతలతో మనుషుల్ని వేసి, ఆ పుల్లబొమ్మలతో కథ రాసిస్తే క్రంబ్ లాంటివాళ్లు గీసేవారు.

నేను మొదట చదివింది సూపర్‌మార్కెట్ క్యూ కథ. ముందున్న పెద్దావిడ ధర దగ్గర క్యాషియర్‌తో వాదిస్తూ ఉంటుంది, వెనకాల హార్వీ లోపల్లోపల ఉడికిపోతుంటాడు. నవ్వుతూ చదువుతున్నవాడిని సగంలో ఆగిపోయాను. మా నాన్న కూడా రికార్డు రూములో గుమాస్తానే. ఫోన్లో ఆఫీసు కబుర్లు మొదలెడితే "క్లాసుంది నాన్నా" అని పెట్టేసేవాడిని.

ఆ రాత్రి తొమ్మిదికి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్న ఏడున్నర. "నిన్న ఆఫీసులో ఏమైంది నాన్నా?" అంటే ముందు కంగారుపడ్డాడు. తర్వాత చెప్పాడు. ఎవరో ముసలాయన పాత అడంగల్ నకలు కోసం మూడు వారాలుగా తిరుగుతున్నాడట. కాగితం పక్క ఊరి కట్టలో కలిసిపోయింది. నాన్న నేల మీద కూర్చుని పదకొండు కట్టలు విప్పి తీసిచ్చాడు. ఆయన కండువా కొంగు ముడి విప్పి, రెండు జామకాయలు బల్ల మీద పెట్టి వెళ్లాడట. ఇరవై ఏడేళ్ల ఉద్యోగంలో ఇలాంటివి నేను విననివి ఎన్ని ఉన్నాయో!

"బొమ్మ బాగోలేదు" అనేవాళ్ల మీద నాకు కోపం అందుకే. ర్యాండల్ మన్రో 2005 నుంచి ‘ఎక్స్‌కేసీడీ’ అనే వెబ్‌కామిక్‌ని పుల్లబొమ్మలతోనే నడుపుతున్నాడు. అందులో మౌస్‌ని బొమ్మ మీద ఆపితే ఇంకో మాట కనిపిస్తుంది, చాలాసార్లు అసలు నవ్వు అక్కడే ఉంటుంది. మన వాట్సాప్ గ్రూపుల్లో స్క్రీన్‌షాట్ తీసి ఆ మాట పోగొడతారు, గీసినవాడి పేరు కూడా కత్తిరించేస్తారు. పేరు చెప్పి, అమ్ముకోకుండా పంచుకోవడానికి ఆయనే అనుమతి ఇచ్చాడు కదా. ఆ ఒక్క పేరు ఉంచితే ఏం పోతుంది?

తెలుగులో కార్టూన్లు గీసే చేతులు తక్కువేం కాదు. రేషన్ క్యూలో నిలబడ్డ మనిషి రోజుని, రికార్డు రూము దుమ్ముని, ఉన్నదున్నట్టు గీసేవాళ్లు కావాలి నాకు. జామకాయల కథని నేనే ఆరు గళ్లలో పుల్లబొమ్మలతో గీసి నాన్నకి పంపాను. చాలాసేపు జవాబు లేదు. తర్వాత మెసేజ్ వచ్చింది: "కట్టకి ముడి అలా వెయ్యరురా. పైన అట్టముక్క పెట్టి దారం రెండుసార్లు తిప్పాలి. మళ్లీ గీసి పంపు."