పాఠకుల ప్రశ్న: అంబులెన్స్ నర్సు యుద్ధ క్షతగాత్రుల సేవకు వెళ్లవచ్చా?

ప్రశ్న: నేను తొమ్మిదేళ్లుగా అంబులెన్స్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. రోడ్డు ప్రమాదాలు, కాలిన గాయాలు, గుండెపోట్లు, దారిలోనే అయిపోయిన కాన్పులు, అన్నీ చూశాను. యుద్ధంలో గాయపడినవారికి కొన్ని నెలలపాటు స్వచ్ఛందంగా సేవ చేయాలని ఉంది. అక్కడ కావలసింది సర్జన్లే గాని మనం కాదని తోటివారు అంటున్నారు. రెడ్‌క్రాస్ గుర్తు ఉన్న బండి మీద కూడా దాడులు జరుగుతున్నాయని ఇంట్లోవాళ్లు భయపడుతున్నారు. ఇంతలో మందులూ సామగ్రీ సమకూర్చుకొని సొంతంగా బయలుదేరుతున్న ఒక చిన్న బృందం నన్ను కూడా రమ్మంటోంది. నా అనుభవం అక్కడ పనికివస్తుందా? వెళితే ఎవరితో వెళ్లాలి? శత్రుపక్షపు సైనికుడు గాయపడి నా ముందుకు వస్తే ఏం చేయాలి?

సమాధానం: ముందు మీ తోటివారి మాట సంగతి చూద్దాం. సర్జన్లు కావలసిందే, కాని ఎంత గొప్ప సర్జనైనా ఆపరేషన్ బల్ల మీదికి ప్రాణంతో చేరిన మనిషినే కాపాడగలడు. పెద్దవాళ్ల ఒంట్లో ఉండే రక్తం సుమారు 5 లీటర్లు; తొడలోని పెద్ద ధమని తెగితే కొద్ది నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు. సకాలంలో సాయం అందితే బతికేవారే అయినా యుద్ధంలో చనిపోతున్నవారిలో ఎక్కువమందిని బలిగొంటున్నది రక్తస్రావమే. ఆ కొద్ది నిమిషాలూ మీలాంటివారి చేతిలో ఉంటాయి కాబట్టి మీ అనుభవం తప్పకుండా పనికివస్తుంది. అయితే ఒక్క మాట: మీరు అక్కడ కొత్తగా నేర్చుకోవలసినదానికంటే మానుకోవలసినదే ఎక్కువ.

మానుకోవలసినవాటిలో మొదటిది, శ్వాసమార్గం చూసిన తరువాతే మిగిలినదంతా అనే వరుస. కాలో చెయ్యో తెగి రక్తం చిమ్ముతున్న మనిషికి ముందు టోర్నికెట్, అంటే రక్తం ఆగేలా అవయవం చుట్టూ బిగించే పట్టీ, వేయాలి. వేరే దారి లేనప్పుడే దాన్ని వాడాలని మనలో చాలామందికి నేర్పారు, కాని యుద్ధ వైద్యంలో అదే మొదటి పని. గాయానికి రెండు మూడు అంగుళాల పైన, మోకాలు, మోచేయి వంటి కీళ్ల మీద పడకుండా పట్టీ చుట్టి, రక్తం పూర్తిగా ఆగి, కింది భాగంలో నాడి తగలకుండా పోయేదాకా పట్టీకి ఉండే పుల్లను మెలితిప్పాలి. మనిషి నొప్పితో కేకలు పెడతాడు, తీసెయ్యమని మీ చెయ్యి పట్టుకొని బతిమాలుతాడు. పట్టీ సరిగ్గా బిగిసినప్పుడు జరిగేది అదే. జాలిపడి కాస్త వదులు చేశారంటే అప్పటిదాకా ఆపిన రక్తం మళ్లీ మొదలవుతుంది. బిగించిన సమయాన్ని పట్టీ మీదనో, అతని నుదుటి మీదనో మార్కర్‌తో రాయాలి. రెండు గంటలు దాటితే ఆ అవయవానికి ముప్పు పెరుగుతూ పోతుంది కాబట్టి, తరువాత చూసే వైద్యుడికి మీరు చెప్పగలిగే అతి ముఖ్యమైన సంగతి ఆ అంకెలే. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ కూడా గాయమైన 3 గంటల లోపు ఇస్తేనే మేలు చేస్తుంది, ఆ తరువాత ఇస్తే కీడు కలగవచ్చు. అందుకే ఈ పనిలో గడియారం కూడా ఒక పరికరమే.

రెండవది, ఎండగా ఉంటే చలి సంగతి పట్టించుకోకపోవడం. రక్తం కోల్పోయిన మనిషి మండుటెండలో కూడా చల్లబడిపోతాడు, ఒళ్లు చల్లబడితే రక్తం గడ్డకట్టే శక్తి తగ్గుతుంది, గడ్డకట్టకపోతే ఇంకా కారిపోతుంది. బట్టలు కత్తిరించి, పక్కకు దొర్లించి, వీపూ చంకలూ తొడల సందులూ తడిమి చూడటం తప్పనిసరి, ఎందుకంటే పేలుడులో దూసుకువచ్చిన ముక్క దూరిన చోట బియ్యపుగింజంత రంధ్రమే కనబడవచ్చు. కాని చూడటం అయిన వెంటనే దుప్పటి కప్పాలి. ఎండగా ఉంది కదా అని కప్పకుండా వదిలేసిన తప్పు నేనూ ఒకసారి చేశాను. అలాంటి గాయాల్లోకి మట్టి, బట్టపీలికలు వెళ్లి ఉంటాయి గనుక శుభ్రంగా కనబడినా వెంటనే కుట్టరు. పాడైన కండను తొలగించి, తెరిచి ఉంచి, సాధారణంగా నాలుగైదు రోజుల తరువాత మూస్తారు. కుట్లు వేయకుండా పంపించేస్తున్నారేమిటని మొదట్లో మీకు అనిపించకుండా ఉండదు.

అన్నిటికంటే కష్టమైనది మూడవది. అంబులెన్స్‌లో మనకు ఒకే రోగి ఉంటాడు, బండిలో ఉన్నదంతా అతనికోసమే. యుద్ధంలో ఒకేసారి ఇరవైమంది రావచ్చు, చూసేది మీరిద్దరే కావచ్చు. ట్రయాజ్ అంటే ఎవరికి ముందు చికిత్స చేయాలో తేల్చి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు చీటీలు కట్టడమని మీకు తెలిసే ఉంటుంది; ఊపిరి తీస్తున్న మనిషికి, ఉన్న వనరులతో అతన్ని కాపాడలేమని తేల్చుకొని నల్లచీటీ కట్టి పక్కవాడి దగ్గరికి నడవడం మాత్రం ఏ తరగతిలోనూ పూర్తిగా అలవడదు. ఒక్క ఊరట ఏమిటంటే, పరిస్థితి మారితే చీటీ మార్చవచ్చు, మార్చాలి కూడా. హోదా చూడకుండా గాయం తీవ్రతను బట్టి వరుస నిర్ణయించాలన్న పద్ధతిని నెపోలియన్ సైన్యంలో పనిచేసిన సర్జన్ లారే ఆచరించి చూపాడు. క్షతగాత్రులను యుద్ధరంగం నుంచి వేగంగా తెచ్చే గుర్రపుబండ్లను 1790లలో ఏర్పాటు చేసిందీ ఆయనే. అంటే మీ అంబులెన్స్‌కూ ట్రయాజ్‌కూ మూలపురుషుడు ఒక్కడే.

శత్రువు సంగతికి ఇక్కడే జవాబుంది. యుద్ధ క్షతగాత్రుల రక్షణకు 1949లో కుదిరిన జెనీవా ఒప్పందాల్లో మొదటిదాని 12వ అధికరణం ప్రకారం ఎవరికి ముందు చికిత్స చేయాలన్నది వైద్యపరమైన అత్యవసరాన్ని బట్టే నిర్ణయం కావాలి, పక్షాన్ని బట్టి కాదు. ఆయుధం వదిలేసి పడి ఉన్నవాడు మీకు రోగి, అంతే. వైద్య ధర్మానికి కట్టుబడి ఎవరికి చికిత్స చేసినా, అందుకు శిక్షించరాదని ఆ ఒప్పందాలకు 1977లో చేర్చిన అదనపు ప్రోటోకాల్ చెబుతోంది. అయితే బండిలోకి ఎక్కించేముందు అతని దగ్గర తుపాకీ గాని, చేతిబాంబు గాని ఉందేమో తెలిసినవారి చేత వెతికించండి. స్పృహ తప్పి లేచిన మనిషి తానింకా పోరాడుతున్నాననుకోవచ్చు.

మీ ఇంట్లోవాళ్ల భయానికి ఆధారం ఉంది, దాన్ని కొట్టిపారేయకండి. వైద్య సిబ్బంది మీద, వాహనాల మీద దాడులను ఖండిస్తూ ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2016 మే నెలలో 2286వ తీర్మానం చేసింది. దాడులు ఆ తరువాతా ఆగలేదు. చిహ్నం చట్టరక్షణ ఇస్తుంది, ఇనుపకవచం కాదు. బాంబు పడిన చోటికి సహాయకులు చేరాక అదే చోట మళ్లీ దాడి జరిగిన సందర్భాలూ ఉన్నాయి. కేక వినబడగానే పరుగెత్తే అలవాటును, మనకు అంత గర్వకారణమైన ఆ అలవాటును, అక్కడ భద్రతాధికారి సరేననేదాకా ఆపుకోవాలి.

ఇక ఎవరితో వెళ్లాలన్నది. 1859 జూన్ 24న ఇటలీలో సోల్ఫెరినో యుద్ధం జరిగినప్పుడు పక్కనున్న కాస్తిగ్లియోనే ఊరి స్త్రీలు ఏ సైన్యంవాడన్నది చూడకుండా గాయపడినవాళ్లకు నీళ్లు పట్టారు, కట్లు కట్టారు. అక్కడ దయకు లోటు లేదు. తగినంతమంది వైద్యులు లేరు, పని తెలిసినవాళ్లు లేరు, ఏర్పాటు లేదు. అది కళ్లారా చూసిన స్విట్జర్లాండ్ వ్యాపారి హెన్రీ డ్యునాంట్, శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకుల్ని శాంతికాలంలోనే సిద్ధం చేసి ఉంచాలని వాదించాడు. 1863లో జెనీవాలో, తరువాత రెడ్‌క్రాస్ కమిటీగా పేరుపొందిన కమిటీ, మరుసటి ఏడాది మొట్టమొదటి జెనీవా ఒప్పందం వచ్చాయి. మిమ్మల్ని రమ్మంటున్న ఆ బృందం ఉద్దేశం మంచిదే కావచ్చు, కాని వెళ్లవద్దనే నా సలహా. మీకే గాయమైతే బయటికి తెచ్చేదెవరు, బీమా ఎవరిది, ఆ ప్రాంతంలో పనిచేయడానికి అనుమతి ఎవరిచ్చారు అని అడిగి చూడండి. అధికారిక అనుమతి లేకుండా బండి మీద ఎర్రశిలువ గీసుకోవడం ఆ చిహ్నాన్ని దుర్వినియోగం చేయడమే అవుతుంది. వాళ్ల టోర్నికెట్లు ఎక్కడ కొన్నారో కూడా అడగండి. బిగించేటప్పుడు పుల్ల విరిగిపోయే నకిలీలు విపణిలో ఉన్నాయి.

అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ, 1971లో మొదలైన డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ వంటి సంస్థలు మీ అనుభవాన్ని, భాషను, ఆరోగ్యాన్ని పరిశీలించి తీసుకుంటాయి. అయితే వాళ్లు మిమ్మల్ని అంబులెన్స్‌లో కాక, యుద్ధరంగానికి దూరంగా ఉన్న ఆసుపత్రిలో రోజూ డ్రెస్సింగులు మార్చే వార్డులో వేయవచ్చు. ఆ పనికి సిద్ధపడితేనే దరఖాస్తు పెట్టండి.

జవాబు వచ్చేలోపు ఒక అసలైన టోర్నికెట్ కొని, దీపం ఆర్పేసి, ఒక్క చేత్తో మీ రెండో చేతికి మీరే బిగించుకోవడం సాధన చేయండి. అక్కడ గాయపడేది మీరే కావచ్చు.