కన్వర్టర్ మార్చే ముందు స్పార్క్ ప్లగ్గులు తీయించి చూడండి

సింగరాయకొండ దగ్గర రోడ్డు పక్క కొట్టులో సీసా పెట్రోలు పోయించుకున్నప్పటి నుంచి కారు లాగడం లేదని, ఇంజను దీపం ఆరడం లేదని, కుళ్లిన గుడ్ల వాసన వస్తోందని రాశారు. మెకానిక్ కన్వర్టర్ (పొగ గొట్టంలో విషవాయువులను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్) తీసేసి ఖాళీ గొట్టం బిగిస్తానన్నాడట. ఆ పని మాత్రం చేయించకండి, పొగ పరీక్షలో దొరికిపోతారు.

ఆ వాసన గంధకానిది. బీఎస్-6 (మన దేశపు కాలుష్య ప్రమాణం) పెట్రోల్‌లో గంధకం 10 పీపీఎం (పది లక్షల వంతుల్లో పది) మించకూడదు. కల్తీ సరుకుకు ఆ లెక్క ఉండదు. అయితే గంధకం పట్టిన కన్వర్టర్ మంచి పెట్రోలుతో, హైవే వేడికి చాలావరకు కోలుకుంటుంది. సీసం, ఇంజనాయిల్ కాలితే వచ్చే భాస్వరం అలా వదలవు; లోపలి ప్లాటినం, పల్లాడియం పూతను శాశ్వతంగా కప్పేస్తాయి.

నా అనుమానం కిరోసిన్ మీద. అది సరిగా మండక మిస్‌ఫైర్ వస్తే, మిగిలిన ఇంధనం కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ కాలుతుంది. ఒంగోలులో నా పాత కారుది విప్పిస్తే తేనెపట్టులాంటి పింగాణీ జాలీ సగం కరిగి, బెల్లం పాకంలా గడ్డకట్టి ఉంది. (దానికి కారణం పాడైన ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గుకు కరెంటు ఇచ్చేది), పాపం పెట్రోలుది కాదు.)

ముందు ట్యాంకు ఖాళీ చేయించండి. ప్లగ్గులు, కాయిళ్లు చూపించండి. బండి చల్లారాక కన్వర్టర్‌ను రబ్బరు సుత్తితో మెల్లగా తట్టండి. లోపల గలగలమంటే జాలీ పగిలినట్లే, అప్పుడు మార్చక తప్పదు. ఈసారి బంకులో ఫిల్టర్ పేపర్ అడగండి, ఇవ్వాల్సిందే. దాని మీద వేసిన పెట్రోలు చుక్క ఆరాక మరక మిగిలితే అక్కడ పోయించుకోకండి.