ఆ తుప్పు మీద చెయ్యి వేసే ముందు

అమ్మలూ,

నువ్వు పాత టొయోటా ల్యాండ్ క్రూయిజర్ జీపు కొన్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. అదీ ఎఫ్‌జె40 అట. స్పానరు పట్టడం నా దగ్గరే నేర్చుకున్న పిల్ల అని నలుగురికీ చెప్పుకుని మురిసిపోయాను. ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు: మిగ్ వెల్డింగ్ మిషన్ (వైరు దానంతటదే వచ్చి కరిగి అతికే రకం) కూడా కొన్నావట, తుప్పంతా నువ్వే వదిలిస్తావట, అలా చేస్తే బండి రేటు పెరుగుతుందట. అక్కడ నా గుండె గుభేలుమంది. అందుకే ఈ ఉత్తరం. విసుక్కోకుండా చివరిదాకా చదువు.

రేటు పెరుగుతుందన్న మాట సగమే నిజం. ఆ బండి 1960లో మొదలై 1984 దాకా తయారైంది. ఇప్పుడు దాన్ని కొనేవాడు ఊరికే తిరగడానికి కొనడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినది వచ్చినట్టు ఎంత మిగిలిందో చూసి కొంటాడు. తుప్పు కంటికి కనిపిస్తుంటే బాగు చేయించడానికి ఎంతవుతుందో లెక్కేసి ఆ మేరకు తగ్గించి అడుగుతాడు. ఆ బేరం కుదురుతుంది. అదే లప్పం కిందో, నల్ల పూత కిందో దాచిన తుప్పు వాడి చేతికి తగిలిందనుకో, ఇక లెక్కలుండవు. ఇక్కడ దాస్తే ఇంకెక్కడెక్కడ దాచారో అని మొత్తం బండినే అనుమానిస్తాడు. నువ్వు చక్కగా చేసిన పని కూడా ఆ అనుమానంలో కొట్టుకుపోతుంది.

బ్యాటరీ తీగలు విప్పడం, ఆల్టర్నేటర్ ఊడదీయడం, మ్యాట్లు తీసి లోపల కడిగి ఆరబెట్టడం నీకు తెలిసినవే. ముందు తుప్పు ఎక్కడెక్కడుందో చూడు. ఈ బండికి పైకప్పు అంచున నీళ్ళు జారే గాడి, ముందద్దం ఫ్రేము అడుగు, తలుపుల కింది అంచులు, వెనక చక్రాల చుట్టూ రేకు, వెనక తలుపు కింద అడ్డపట్టీ, బాడీ ఛాసిస్ (అడుగున బరువు మోసే ఇనుప చట్రం) మీద కూర్చునే చోట్లు ముందుగా పోతాయి. తుప్పు తాను తిన్న ఇనుముకంటే చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకులు కలిసే చోట లోపల్లోపల ఉబ్బి వాటిని విడదీస్తుంది. పెయింటు మీద బొబ్బ కనిపించిందంటే లోపల పని ఎప్పుడో మొదలైందని అర్థం. స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పో. బాగున్న రేకు ఖంగుమంటుంది, పోయిన రేకు చప్పగా పలుకుతుంది.

ఇప్పుడు మీ నాన్న సంగతి. ఇది వాడు నీకు చెప్పి ఉండడు. నేను చెప్పానని కూడా అనకు.

పెళ్ళికి ముందు వాడి దగ్గర ఇలాంటిదే ఒక పాత జీపు ఉండేది. వెనక స్ప్రింగుని ఛాసిస్‌కి తగిలించే షాకిల్ దగ్గర ఛాసిస్‌ని తుప్పు తొలిచేసింది. కోసి తీసేయమన్నాను, వినలేదు. పైపైన గోకి, దాని మీదే మందపాటి ప్లేటు పెట్టి నాలుగు వైపులా వెల్డింగ్ కొట్టాడు. పైన నల్లటి అండర్‌కోటింగ్ దట్టంగా పూశాడు. ఎవరినో మోసం చేద్దామని కాదు, ప్లేటు వేస్తే బలమొస్తుందని నిజంగానే నమ్మాడు. చూడ్డానికి కూడా భలే ఉండేది.

కొన్నేళ్ళకి అమ్మకానికి పెడితే ఒక పెద్దాయన వచ్చాడు. పెయింటు వంక చూడనైనా లేదు. గోనెపట్టా పరుచుకుని బండి కింద దూరాడు. చేతిలో టార్చి, చిన్న సుత్తి. ఛాసిస్‌ని ముందునుంచి వెనక్కి తట్టుకుంటూ వచ్చాడు. ప్లేటు దగ్గరకొచ్చేసరికి చప్పుడు మారింది. నల్ల పూతని గోటితో గీకాడు. ప్లేటు అంచు బయటపడింది, వెల్డింగ్‌లోని సూది బెజ్జాల్లోంచి గోధుమరంగు చార కిందికి కారి ఉంది. ఆ పక్కనే స్క్రూడ్రైవర్ మొన ఆనించి నొక్కితే పాత ఇనుములోకి దిగబడిపోయింది.

దిగబడక ఏమవుతుంది? వెల్డింగ్ వేడికి ఛాసిస్ లోపలి వైపు పెయింటు కాలిపోయింది. లోపలికి చెయ్యి దూరదు కాబట్టి మళ్ళీ పూత పడలేదు. రెండు ఇనుముల మధ్య చెమ్మ చేరి కూర్చుంది. పైగా ప్లేటు చివర నిట్టనిలువుగా వెల్డింగ్ కొట్టడంతో బరువంతా ఆ గీత మీదే పడి అక్కడ సన్నటి పగులు కూడా మొదలైంది.

ఆయన లేచి చేతులు దులుపుకున్నాడు. బేరం కూడా ఆడలేదు. 'ఇంకేమేం చేశారు?' అని మాత్రం అడిగాడు. ఇంకేం చేయలేదన్నాడు మీ నాన్న. అది నిజమే. బాడీ రేకంతా ఫ్యాక్టరీదే, ఎక్కడా చెయ్యి పడలేదు. ఆయన నమ్మలేదు. చివరికి ఆ జీపు ఇంజనొకరికి, గేర్‌బాక్సొకరికి, ఆక్సిళ్ళొకరికి ముక్కలుగా పోయింది. డబ్బు పోయినందుకు వాడు బాధపడలేదు. 'నేను మోసగాణ్ణనుకున్నాడన్నయ్యా' అని చాలాకాలం అంటూనే ఉన్నాడు.

అందుకని, ఛాసిస్ నీ పని కాదు. బరువు మోసే భాగాలు వెల్డింగ్ చేయడం వచ్చినవాడి చేత చేయించి, ఏం చేశాడో రాయించుకుని బిల్లు దాచు. ఆ బిల్లు చూస్తే కొనేవాడు కుదుటపడతాడు. ఇంకొకటి, ముందు కుడివైపు ఛాసిస్ మీద నంబరు చెక్కి ఉంటుంది. గ్రైండరు దాని చుట్టుపక్కలకి కూడా పోకూడదు. ఆ అంకెలు చెరిగితే బండి ఎంత బాగున్నా దాని కాగితాలు చిక్కుల్లో పడతాయి.

రేకు పని మాత్రం నువ్వు చెయ్యి, బాగా చేస్తావు. మెరిసే ఇనుము కనిపించేదాకా కోసెయ్యి, మొహమాటం వద్దు. కొత్త ముక్కని పాతదాని మీద ఎక్కించకు, అంచుకి అంచు ఆనించి అతుకు. ఆ రేకు మిల్లీమీటరుకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది, 0.6 మిల్లీమీటర్ల వెల్డింగ్ వైరు చాలు. ఒక వెల్డింగ్ చుక్క ఇక్కడ పెడితే తర్వాతది దూరంగా పెట్టు, చల్లారనివ్వు. గీత గీసినట్టు ఒకేసారి లాగావంటే రేకు అప్పడంలా ముడుచుకుపోతుంది. లోపలి వైపు ప్రైమరూ, మైనమూ పట్టించు. లప్పం నీళ్ళు పీలుస్తుంది, కాబట్టి ఎపాక్సీ ప్రైమరు మీద పల్చగా, గీతలు పూడేంత మటుకే. రెండు రేకుల్ని అతకడానికి ఫ్యాక్టరీలో పెట్టిన స్పాట్ వెల్డింగ్ చుక్కలుంటాయే, వాటిని లప్పంతో పూడ్చకు. తెలిసినవాడు మొదట వెతికేవి అవే. ముక్క మార్చాల్సి వస్తే అదే ఎడంలో బెజ్జాలు పొడిచి, వాటిని వెల్డింగ్‌తో పూడ్చి అతుకు (ప్లగ్ వెల్డింగ్ అంటారే, అది).

ప్రతి దశకీ ఫోటో తియ్యి. కోసి తీసిన తుప్పు ముక్కలు కూడా సంచిలో వేసి ఉంచు, అడిగినవాడికి చూపించవచ్చు. చేతగానిచోట తుప్పుని తుప్పుగానే వదిలెయ్యి, చెమ్మ తగలకుండా చూసుకో చాలు. ముదరని పాత తుప్పు ముతక రిపేరు కన్నా ఎక్కువ రేటే తెస్తుంది. బండి మొత్తానికి కొత్త పెయింటు కొట్టే ఆలోచనుంటే ఇప్పుడే మానుకో. పాత రంగు వెలిసినా సరే, ఉండనీ.

ఇక నాకు భయమున్నవి. బ్రేక్ క్లీనరుతో తుడిచిన చోట వెల్డింగ్ పెట్టకు. అందులో క్లోరిన్ రసాయనం ఉన్న రకాలున్నాయి, ఆర్క్ తగిలితే ఫాస్జీన్ పుడుతుంది, అది విషవాయువు. జింకు పూత ఉన్న రేకైతే పూత గోకేశాకే వెల్డింగ్. ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. చిన్న సామాన్లకి కరెంటుతో తుప్పు వదిలిస్తావేమో, ఆ తొట్టిలో స్టెయిన్‌లెస్ స్టీలు వేలాడదీయకు, విషపు క్రోమియం నీళ్ళలో కలుస్తుంది. పెట్రోలు ట్యాంకు ఖాళీగా ఉంది కదా అని పక్కన పెట్టుకుని వెల్డింగ్ చేయకు. నిండు ట్యాంకు కన్నా ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ప్రమాదం. దాన్ని ఊడదీసి షెడ్డు అవతల పెట్టించు. చిన్నప్పుడు నేను గ్రైండరు పడుతుంటే అద్దాలు లేకుండా తొంగి చూసేదానివి, చెవి మెలేసినా వినేదానివి కాదు. ఇప్పుడు మెలేసేవాళ్ళు అక్కడ లేరు.

మంటలార్పే సిలిండరు కొని మిషన్ పక్కన పెట్టి, నాకు ఫోటో పంపు. అది చూశాకే ఆ తలుపు అంచు ఎంతవరకు కోయాలో ఫోన్‌లో చెప్తాను. అప్పటిదాకా గ్రైండరు ప్లగ్గు పెట్టకు.

మీ పెదనాన్న